ఎత్తుకోవద్దు

"ముట్టుకున్నారంటే ఇక్కణ్ణించే అందర్నీ వెనక్కి తిప్పేస్తాను!"

చిన్నదాన్ని ఎత్తుకోబోయిన లైన్‌మన్, భార్య గొంతు విని వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. చిన్నదానికి ఆరేళ్ళు. బండరాయి మీద చతికిలబడి, బుంగమూతి పెట్టుకుని, రెండు చేతులూ తండ్రి వైపు చాపింది. తొమ్మిదేళ్ళ అన్న అప్పటికే పై బండ మీదకెక్కి, "కప్పా, గెంతవే!" అని వెక్కిరిస్తున్నాడు.

"పసిదే! మనిషి మొహం కనపడని ఈ కొండల్లో దీనికి పరీక్షలేంటి?" అన్నాడు లైన్‌మన్.

"నిన్న బుద్ధిగా తలూపారుగా! ఎక్కి అవతలికి దిగేదాకా చెయ్యి అందించకూడదు, దారి చెప్పకూడదు. వాళ్ళ వల్ల కాలేదా, మీరన్నట్టే సామాను సర్దుకుని వెళ్ళిపోదాం. ఇంత దూరం వచ్చిందే దండగనుకుంటాను."

అతను పక్కకి జరిగి వాళ్ళ వెనకే నడిచాడు. ఈదురుగాలిలో కరెంటు స్తంభం చివర వేలాడే మనిషికి, రెండు బుల్లి బూట్లు రాళ్ళ మీద జారినప్పుడల్లా పైప్రాణాలు పైనే పోతున్నాయి.

మలుపు దాటాక దారి రెండుగా చీలింది. పెద్దాడు ఎడమకి తిరిగాడు. అటు పోతే లోయే.

"ఒరే..." అనబోయిన లైన్‌మన్ డొక్కలో భార్య మోచెయ్యి దిగింది.

పెద్దాడు తనంతట తనే ఆగాడు. వంగి నేల చూశాడు. "ఇటు ఎవరూ నడిచినట్టు లేదే. గడ్డి నలగలేదు," అంటూ వెనక్కొచ్చి కుడిదారి పట్టాడు. అప్పుడుగానీ తల్లి బిగబట్టిన ఊపిరి వదల్లేదు.

ఎదురుగా వీపుల మీద పెద్ద సంచులతో, చేతికర్రలతో ఒక గుంపు దిగుతోంది. అందులో పెద్దావిడ వీళ్ళని చూసి బుగ్గ నొక్కుకుంది. "చంటిపిల్లల్ని ఇలాంటి చోటికా! సరదాకైనా ఓ హద్దుండాలమ్మా!"

"నేనూ అదే అంటున్నానండీ," అన్నాడు లైన్‌మన్ ఆశగా.

"మీరు నడవండి," అంది భార్య.

కొండకొమ్ము దాటి దిగుతుంటే వాగు అడ్డొచ్చింది. దాని మీద రెండు దుంగలు, పట్టుకోవడానికి ఒక తాడు. పెద్దాడు దాటేశాడు. చిన్నది సగంలో కొయ్యబారిపోయింది.

"నాన్నా... ఎత్తుకో!"

అతను ముందుకు దూకబోయాడు. వెనక నుంచి చొక్కా బిగిసింది. విదిలించుకుందామని తిరిగి చూశాడు. భార్య రెండు చేతులతో పట్టుకుంది, వదలడం లేదు.

"నాన్నని కాదు! అన్నయ్యని పిలు!" అని అరిచిందామె. ఆ అరుపు చివర జీరపోయింది.

అవతలి గట్టున పెద్దాడు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాడు. "కప్పా, కిందకి చూడకు. నా మొహం చూడు. ఏడువు, ఎవరొద్దన్నారు? నడుస్తూ ఏడువు!"

చిన్నది రాగం తీస్తూనే అడుగేసింది. ఇంకోటి వేసింది. ఆఖరి అడుగు గెంతి అన్న మీద పడింది.

కొండ దిగగానే పొడుగాటి రేకుల కప్పు, దాని ముందు ఖాళీ మైదానం కనిపించాయి. పిల్లలిద్దరూ కేకలేస్తూ పరిగెత్తి తాళం వేసిన గేటును తాకారు. తల్లి రాయి మీద కూలబడి అరచేతుల్లో మొహం దాచుకుంది. లైన్‌మన్ ఒక్క ఉదుటున వెళ్ళి ఇద్దర్నీ చెరో చంకకి ఎత్తేసుకున్నాడు.

"నెగ్గార్రా! కొంచెం కూడా భయమెయ్యలేదట్రా, పెద్దాడా?"

"భయమెందుకు నాన్నా? వెనక మీరిద్దరూ ఉన్నారుగా!"

లైన్‌మన్ నవ్వు సగంలో ఆగిపోయింది.

రేపటి నుంచి ఈ బడికి వాళ్ళిద్దరే రావాలి.