తార్నాక వైరస్

మూడోసారి కూడా మిషన్ అదే మాట అంది. ఫ్లాపీ చదవడం తన వల్ల కాదంది.

బాలలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం ఎగ్జామినర్ వస్తాడు. ఆయన ముందు ప్రోగ్రాం నడిపి చూపించాలి. లేకపోతే ఎంసీఏ ప్రాజెక్టు ఫెయిల్. ఆ ప్రోగ్రాం ఉన్నది ఈ ఒక్క ఫ్లాపీలోనే.

తెర మీద తెలుగు అక్షరాలు రాసే ప్రోగ్రాం అది. తొంభై రెండులో యూనివర్సిటీలో చేరేదాకా ఆమె కంప్యూటర్ మొహం చూడలేదు. ఇంగ్లీషు మీడియం వాళ్ళు నవ్వుతుంటే పళ్ళ బిగువున నేర్చుకుంది. అమ్మ ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు తెర మీద చుక్కలు పేర్చి 'అ'తో మొదలుపెట్టింది. అది గుండ్రంగా కుదరడానికే నెల పట్టింది. తప్పు వచ్చిన ప్రతిసారీ తనను తాను తిట్టుకుంది, మళ్ళీ కూర్చుంది. ఆ కసితోనే ఒత్తుల దాకా వచ్చింది.

ల్యాబు చూసే ఉమాపతి సార్ మొదటి క్లాసులోనే రెండు సంగతులు చెప్పాడు. ఫ్లాపీ అట్టకి ముందూ వెనకా పొడుగాటి చిల్లు ఉంటుంది. అందులోంచి కనపడే నల్లటి డిస్కునే మిషన్ చదువుతుంది, అక్కడ వేలు పెట్టకూడదు. ఇక ఏ ప్రోగ్రాంకైనా రెండో కాపీ ఉంచుకోవాలి. బాలలక్ష్మి ఆ చిల్లు దగ్గర ఏనాడూ తన వేలు తగలనివ్వలేదు. రెండో కాపీ మాత్రం తీయలేదు. కాపీ అంటూ ఉంటే ఎవడో ఒకడు కొట్టేస్తాడని ఆమె అనుమానం.

ఎవడో ఏమిటి, కిరణే!

దసరా సెలవులకి ల్యాబు మూసేశారు. క్లాసులో సొంత కంప్యూటర్ ఉన్నది కిరణ్ ఒక్కడికే. అడగ్గానే తార్నాకలో వాళ్ళ ఫ్లాట్‌కి రమ్మన్నాడు. ఆఖరి తప్పులు అక్కడే దిద్దుకుని, ఫ్లాపీ సంచిలో వేసుకుని, మౌలాలిలోని ఇంటికి బస్సెక్కింది. మళ్ళీ మిషన్‌లో పెట్టడం ఇవాళే.

ఫ్లాపీ పట్టుకుని విసురుగా అతని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేశావు దీన్ని?"

కిరణ్ బిత్తరపోయాడు. "నేనేం చేశాను? ఆ రోజు నీ కళ్ళ ముందే నడిచిందిగా!"

"నీ డబ్బా నిండా గేములే. ఎక్కడెక్కడివో ఫ్లాపీలు తెచ్చి పెడతావు. వైరస్ ఎక్కించి పంపావు!"

"రెండో కాపీ తీసుకోమంటే ఆ రోజు దొంగని చూసినట్టు చూశావు. ఇప్పుడు నన్నంటావేంటి?"

బాలలక్ష్మి వినలేదు. పక్క మిషన్‌లో ఫ్లాపీ దూర్చింది. చదవలేదు. ఆ పక్క దాంట్లో పెట్టింది. అదీ అంతే. కనపడిన మిషన్‌లోనల్లా పెట్టి తీసింది. కాసేపటికి వెనక నుంచి ఒకమ్మాయి ఏడుపు గొంతుతో అరిచింది.

"ఇదేంటే! ఇప్పటిదాకా నా ఫ్లాపీ బాగానే చదివింది. నువ్వు పెట్టి తీశాక చదవట్లేదు!"

ఇంకో మూల నుంచి ఇంకొకరు అదే పాట మొదలుపెట్టారు.

"చూశారా! పాకుతోంది!" బాలలక్ష్మి గొంతు వరండా దాకా వినపడింది. "వీడి ఇంటి వైరస్ ల్యాబంతా పాకుతోంది!"

కిరణ్ కంగారుగా తన ఫ్లాపీ పెట్టి చూసుకున్నాడు. చదవలేదు. రెండో కాపీ తీసి పెట్టాడు. అదీ చదవలేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ వైరస్ నీకే తగిలింది. బాగా అయింది," అంది బాలలక్ష్మి. అలా అన్నాక గానీ ఆమె కడుపు కాస్త చల్లబడలేదు.

ఉమాపతి సార్ వచ్చాడు.

"ఏంది లొల్లి? ఎగ్జామినర్ వచ్చే టైమైతున్నది, యాదున్నదా?"

అందరూ ఒక్కసారే చెప్పారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"బాలలక్ష్మీ, నువ్వు చెప్పు. ఫ్లాపీ ఇంకెవరి చేతికన్న ఇచ్చినవా?"

"లేదు సార్."

"ఇంట్ల ఎవరన్న వాడిన్రా?"

"మా ఇంట్లో కంప్యూటర్ ఎక్కడుంది సార్? పైగా పండగ. ఆ రోజుల్లో పుస్తకాలే ముట్టుకోం, ఇంక ఫ్లాపీ ఎవరు ముట్టుకుంటారు? దీన్ని పెట్టింది వీడి మిషన్‌లోనే. నాకు చదువు మీద ఎంత భక్తో మీకు తెలుసు. వీడికి అంతా ఆటే!"

సార్ కిరణ్ వైపు తిరిగాడు. "నిన్ను నమ్మి ఇంటికొస్తే గిట్ల చేస్తవా? ఇయ్యాల నీకు ఎగ్జామ్ లేదు. బయటికి నడువ్."

"సార్, నేను నిజంగా..."

"నడువ్!"

కిరణ్ వెళ్ళిపోయాడు. ల్యాబులో ఒక్కరూ అతని వైపు మాట్లాడలేదు. తలుపు మూసుకునేదాకా బాలలక్ష్మి అతని వీపు వంకే కసిగా చూసింది. ఇంకా నాలుగు తగిలిస్తే బాగుండుననిపించింది.

ఉమాపతి సార్ మొదటి మిషన్ మూత విప్పాడు. లోపల ఫ్లాపీని చదివే చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు. దూదిని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రెండో మిషన్ విప్పి తుడిచాడు. మళ్ళీ వాసన చూశాడు.

"నీ ఫ్లాపీ ఇటియ్యి," అన్నాడు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు.

బాలలక్ష్మి ఇచ్చింది. పైన ఆమె పేరు రాసిన చీటీ చెక్కుచెదరకుండా ఉంది.

ఆయన ఫ్లాపీని వెనక్కి తిప్పితే, ఆ పొడుగాటి చిల్లులో నల్లటి డిస్కు మీద, విజయదశమి పూజలో "పుస్తకాలకేనా, దీనికీ పెట్టమ్మా" అని బాలలక్ష్మి పోరి మరీ తల్లి చేత పెట్టించిన పసుపు కుంకుమల బొట్టు సగం చెరిగి ఉంది.