కారు నొసటి బొట్టు

"ఏయ్ పెద్దాయనా, చెయ్యి తీ."

ఆళ్లగడ్డ పెట్రోలు బంకులో నృసింహ వేసిన కేకకు పక్కనున్న ఆటోవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

కొత్త కారు ముందు ఒక ముసలాయన వంగి ఉన్నాడు. మాసిన ఖాకీ చొక్కా, చేతిలో తడిగుడ్డ. కారు ముందరి లోగో మీదున్న పసుపు కుంకుమలు తుడవబోతున్నాడు.

నృసింహ అసలే తొందరలో ఉన్నాడు. పక్క సీట్లో భార్య ప్రణతి. ఆమెకు ఎనిమిదో నెల. పొద్దున్నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. నంద్యాల డాక్టరమ్మ ఫోన్‌లో "వెంటనే తీసుకురండి" అని చెప్పి గంట కావస్తోంది.

"ఆ బొట్టు మా అమ్మ పెట్టింది. తుడిచేదానికి నువ్వెవరు?"

"బొట్టును ఏమీ అనలేదప్పా. జాగా మార్చి పెట్టుకోమంటాండా. దాని ఎనక కన్నుండాది."

"ఏం కన్ను?"

"బండికి కన్ను. మొదటి తరం కారుకు ఈ గుర్తు ఊరికే సోకుకు. రెండో తరానికీ అంతే. ఈ మూడో తరానికి దాని ఎనక కన్ను పెట్టినారు. ముందర ఏదన్నా అడ్డమొస్తే అదే చూసి బ్రేకు ఏస్తాది. దాన్ని కప్పేసినారు మీరు."

నృసింహకు ఒళ్లు మండింది. ఈ కారు సంగతి తనకే చెబుతున్నాడా?

అహోబిలంలో యాత్రికులకు గదులు అద్దెకిచ్చే నృసింహ ఈ ఒక్క రకం కారు మీదే మనసు పారేసుకున్న మనిషి. పదేళ్ల కింద మొదటి తరం కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చిన్న కారే, కానీ లోపల కూర్చుంటే దొరతనం. తర్వాత రెండో తరందీ అట్లాగే కొన్నాడు. అందులో తాళంచెవి పోయి బటన్ వచ్చింది. మొన్న కొన్న ఈ మూడో తరంలో గేరు కడ్డీ కూడా మాయమై, ముందంతా ఒకటే తెర అయింది.

మూడింటికీ తల్లి ఆండాళమ్మ ఆ లోగో మీదే బొట్టు పెట్టింది. కారుకు అదే నొసలని ఆవిడ లెక్క. ఈసారి పూర్తిగా కొత్త కారు కదా, ప్రేమ ఎక్కువై మందంగా మెత్తింది.

"ఇట్లాంటి కారులో ఎప్పుడన్నా కూసున్నావా నువ్వు?"

ముసలాయన తడిగుడ్డను రెండు మడతలు పెట్టాడు.

"కూసున్న్యానప్పా. ఒక్కతూరి."

"దుడ్లు కావాలంటే అడుగు. బండి ముట్టొద్దు."

"దుడ్లొద్దప్పా. ఒక్క నిమిషం..."

"అర నిమిషం గూడా లేదు నాకు. తప్పుకో."

"తుడవనీండి, ఏం పోతాది?" అంది ప్రణతి నీరసంగా.

పెట్రోలు పడుతున్న బంకు అమ్మాయి నిర్మల కూడా ఏదో చెప్పబోయింది. "అన్నా, ఆయప్ప..."

నృసింహ అద్దం పైకెత్తేశాడు.

రోడ్డెక్కగానే తెర మీద పసుపు దీపం వెలిగింది. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కొత్త కారుకు వాగుడెక్కువ అనుకున్నాడే గానీ, అదేమిటో చదవలేదు.

"కదిలిందా?"

"లేదు."

శిరివెళ్ల దాటింది.

"ఇప్పుడు?"

ప్రణతి కడుపు మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ప్రణతీ, చెప్పు."

ఆమె మొహంలోకి చూశాడు. చూసింది రెండు క్షణాలే.

ముందు పోతున్న శనగ బస్తాల ట్రాక్టరు గుంత చూసి ఆగిపోయింది.

కారు కొన్న రోజు షోరూంలో అట్టపెట్టె అడ్డం పెట్టి చూపించారు. కారు తనంతట తనే ఆగింది. ఆ ధీమా నృసింహలో ఉండిపోయింది.

ఈసారి ఆగలేదు. అతను బ్రేకు తొక్కేసరికి ఆలస్యమైంది.

నంద్యాల ఆస్పత్రిలో ప్రణతి విరిగిన చేతికి కట్టు కట్టారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారు.

"రెండు రోజులు గడవాలి. అంతవరకు ఏమీ చెప్పలేను" అంది డాక్టరమ్మ.

మరునాడు షెడ్డు నుంచి మెకానిక్ ఫోన్ చేశాడు.

"అన్నా, లోగో మీద ఏందది, అంత మందంగా పూసినారు? దాని ఎనకనే గదా కన్ను ఉండేది."

ఆ రెండు రోజులూ నృసింహ గాజుపెట్టె వైపు చూస్తూ, తడిగుడ్డ పట్టుకున్న ఆ చేతినే తలుచుకున్నాడు.

మూడో రోజు డాక్టరమ్మ "ఇక భయం లేదు" అంది. నృసింహ పాపను ఒకసారి చూసుకుని, నేరుగా ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

బంకులో ముసలాయన లేడు. కొళాయి దగ్గర తీగ మీద ఆ గుడ్డ ఆరేసి ఉంది.

"ఆ పెద్దాయన యాడమ్మా? కార్లు తుడుస్తాడే..."

"మత్తయి సారా?" అంది నిర్మల. "ఈ పొద్దు రాడన్నా. బండి ఆత్మకూరు చర్చిలో కొడుకు జ్ఞాపకార్థ కూడిక ఉండాది."

"సారా?"

"ఇస్కూలు అయ్యవారు, రిటైరైనాడు. అహోబిలంలో పూజ చేయించుకున్న కొత్త కార్లు ఈడ పెట్రోలుకు ఆగుతాయని దినామూ వచ్చి నిలబడతాడు. అడుక్కునేదానికి వచ్చినాడని అందరూ తిడతారు. మీ మాదిరే."

నృసింహ తల వంచుకున్నాడు.

"కొడుక్కి ఏమైంది?"

"కొడుకు తిమోతి పెండ్లికి మీ కారు లాంటిదే బాడుగకు తెచ్చినారు. చర్చి నుంచి ఇంటికి వస్తా, ముందర ఆగిన లారీని గుద్దుకున్న్యారు. సారు గూడా అందులోనే ఉండె."

నిర్మల పెట్రోలు పైపు తగిలించి, అతని వైపు తిరిగింది.

"పెండ్లి కారు గదా అని, ఆ లోగో మీద ఇంత పెద్ద పూలగుత్తి కట్టింది మత్తయి సారేనన్నా."