నొక్కిన చేతులు

బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు మైలు పొడవున ఆగి ఉన్నాయి. సీజన్లో ఆ వరుసలో నిలబడ్డవాడు తిండికైనా పక్కకు జరగడు.

ఎండలో ట్రాక్టరు దిగబోతూ కోదండం కుప్పకూలిపోయాడు.

కొడుకు గోపీ ఆయన ముఖాన నీళ్లు చల్లాడు. చలనం లేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు ఉల్లిపాయ తెమ్మన్నాడు, ఇంకొకడు చేతిలో తాళాలు పెట్టమన్నాడు.

వెనక ట్రాక్టరులోంచి మురుగేష్ అనే బక్కపల్చటి మనిషి దిగి వచ్చాడు. గుడిపాల వాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లేదని చూసి, కోదండం ఛాతీ మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కడం మొదలుపెట్టాడు.

"ఏందప్పా, ఎముకలు ఇరిగేటట్టుండాయి," అన్నాడు గోపీ.

"ఇరిగితే అతుక్కుంటాయిలేప్పా," అన్నాడు మురుగేష్, ఆపకుండా.

అంబులెన్స్ వచ్చేసరికి కోదండం మూలిగాడు. రోడ్డు పక్కన చతికిలబడి రొప్పుతున్న మురుగేష్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు చిత్తూరు ఆసుపత్రిలో కోదండం పొట్ట ఉబ్బిపోయింది. కాలేయం చీలి లోపల రక్తం కారుతోందన్నారు. ఛాతీ నొక్కినప్పుడు తగిలిన దెబ్బేనట. ఆపరేషన్ చేస్తాం గానీ ఏమీ చెప్పలేమన్నారు.

గోపీకి ఒళ్లు మండిపోయింది. తల్లిని అక్కడ కూర్చోబెట్టి నేరుగా ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లాడు. ట్రాక్టరు కింద పడుకున్న మురుగేష్‌ను లేపి, అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడు.

"మా నాయన కడుపు పగలగొట్టినావు గదరా. నువ్వేమన్నా డాక్టరువా?"

మురుగేష్ చెంప తడుముకున్నాడు. "నాయన బతికుండాడా అప్పా?" అని మాత్రం అడిగాడు.

గోపీ వరుసలో వాళ్ల వైపు తిరిగి, "ఎవురు పడిపోయినా ఇట్లా నొక్కనీయద్దండి. లోపలంతా నుజ్జయిపోతాది," అని అరిచాడు.

వినేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఆ మాట ట్రాక్టరు నుంచి ట్రాక్టరుకు పాకింది.

కోదండం బతికాడు. ఇంటికి పంపేరోజు పెద్ద డాక్టరు గోపీని పక్కకు పిలిచాడు.

"కాలేయం చీలింది నొక్కడం వల్లే, నిజమే. నొక్కకపోయుంటే మీ నాన్నను ఆసుపత్రికి కాదు, శ్మశానానికి తీసుకెళ్లేవాడివి. ఎవరయ్యా ఆ మనిషి?"

గోపీ తండ్రి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

సంగతి విని కోదండం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఆయప్పను కొట్టినావా? పో, బట్టలు పెట్టి కాళ్లు పట్టుకో."

గోపీ పంచె, కండువా కొనుక్కుని గుడిపాల వెళ్లి, అడుగుతూ మురుగేష్ ఇల్లు పట్టుకున్నాడు. అతడి భార్య పంకజాక్షి గడపలో కూర్చుని ఉంది. మెడ బోసిగా ఉంది.

"ఆయన లేడప్పా. మళ్లా కాయలేసుకోని పోయి, పోయిన వారం ఆ లైన్లోనే పడిపోయినాడు."

"ఎవురూ నొక్కలేదా అక్కా?" అన్నాడు గోపీ.

"ఒకాయన నొక్కబోయినాడంట. లోపలంతా నుజ్జయిపోతాదని అందురూ చెయ్యి పట్టి లాగేసినారంట."

గోపీ చేతిలోని పంచె, కండువా గడప మీద పెట్టాడు.

"వాళ్లకేం తెలుసులేప్పా," అంది ఆమె. "మూడేండ్ల కింద ఈయన గుండె ఆగిపోతే, దోవన పోయే మనిషెవురో అట్లా నొక్కినందుకే మళ్లా లేచి ఇంటికొచ్చినాడు."