ఒక్కరికే తెలిసిన పనులు

కుల్పాష్ బ్యాగు సర్దుతోంది. ఉన్ని మేజోళ్ళు, మోకాళ్ళ నొప్పికి మందు, తువ్వాలు, కళ్ళజోడు, సారీఅగాష్ ఆరోగ్యకేంద్రంలో ఊటనీళ్ళు తాగడానికి ఒక పింగాణీ కప్పు. రైలు నాలుగూ పదికి. టికెట్ తనే స్టేషనుకి వెళ్ళి కొనుక్కొచ్చింది.

పదకొండేళ్ళలో ఈ బ్యాగు నాలుగుసార్లు సర్దింది. నాలుగుసార్లూ ఫోన్ మోగింది. నాలుగుసార్లూ విప్పింది.

బాల్ఖాష్ పట్నంలో ఇళ్ళకి వేడినీళ్ళు పంపే ప్లాంటులో కంప్యూటర్లన్నీ ఆమె భర్త జుమతాయ్ చేతిలో ఉన్నాయి. ఏ సర్వరు ఎప్పుడు మొరాయిస్తుందో, దేన్ని ఆపి దేన్ని నడపాలో అతని తలలో తప్ప ఎక్కడా లేదు. అతను పొలిమేర దాటితే ఊరు గడ్డకడుతుందని అందరికీ భయం.

కిందటి వేసవిలో రాజధాని అస్తానా నుంచి ఒక సలహాదారు వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ వాడే నిర్వహణ పద్ధతి తెచ్చింది. ప్రతి పనీ రాతలో ఉండాలి. ప్రతి మార్పుకీ సంతకం ఉండాలి. ప్రతి మనిషికీ బదులు మనిషి ఉండాలి. ఆవిడకిచ్చిన ఫీజుతో రెండు కొత్త పంపులు వచ్చేవి.

"పంపు కొంటే నీళ్ళొస్తాయి. ఈ కాగితాలతో ఏమొస్తుంది?" అని జుమతాయ్ మీటింగులో నిలదీశాడు.

"మీకు సెలవొస్తుంది," అందావిడ. "ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరినీ కదలనివ్వదు. రాసిపెడితే ఎవరైనా వెళ్ళొచ్చు."

ఎనిమిది నెలలపాటు అతను గొణుక్కుంటూ చెప్పాడు, కుల్పాష్ టైపు చేసింది. నూట పన్నెండు పేజీలు.

"ఇంత డబ్బు తగలేసి కనిపెట్టిందేమిటి? నేను లేకపోయినా పని జరుగుతుందని!" అన్నాడు ఇవాళ కూడా, మంచం మీద కూర్చుని సర్దుడు చూస్తూ.

"అది తక్కువ సంగతా?" అంది కుల్పాష్. "నేనూ ఇంటికొకటి రాశాను."

జుమతాయ్ పగలబడి నవ్వాడు. "ఇంట్లో రాయడానికేముందే? సర్వర్లా, బాయిలర్లా?"

పక్కగదిలోంచి అత్తగారి కేక వినబడింది. "కోడలా, దుప్పటీ!"

పొద్దుటినుంచి అది తొమ్మిదో కేక. కుల్పాష్ వెళ్ళి కప్పి వచ్చింది.

"నా షేవింగ్ సామాను మరిచిపోయావా?"

"ఉండాల్సిన చోటే ఉంది."

బల్లమీద పొద్దున్నే కాల్చిన రొట్టె ఉంది. ప్రయాణమయ్యేవాళ్ళు దాన్ని ఒక్కసారి కొరికి వదిలేయాలి. మిగిలింది తినడానికి తప్పకుండా తిరిగొస్తారని నమ్మకం.

ఒంటిగంటయింది. ఫోన్ మోగలేదు. రెండయింది. జుమతాయ్ ఫోన్ చేతిలోకి తీసుకుని, అసలు పనిచేస్తోందో లేదో చూశాడు. తర్వాత లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఎవరూ పిలవలేదుగా?" అంది కుల్పాష్.

"అదే నా భయం. ఒక్క పది నిమిషాలు. బ్యాగు గుమ్మం దగ్గర పెట్టు."

"రొట్టె కొరికి వెళ్ళండి."

"ప్లాంటుకి పోవడమూ ప్రయాణమేనా? వచ్చాక కొరుకుతాలే."

ప్లాంటులో అతని సహాయకురాలు అక్మరాల్ తలెత్తి చూసి, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో పలకరించింది. "ఆగాయ్! మీరేంటి ఇక్కడ? సెలవుచీటీ మీద సంతకం మీదే కదా?"

"సర్వరు..."

"పొద్దున ఆగింది. ముప్పై ఒకటో పేజీ తీశాను. నడిచింది. టీ తాగుతారా, ఆగాయ్? అతిథులకైతే చక్కెర రెండు ముక్కలు."

అతను కూర్చున్నాడు. ఏదో ఒకటి చెడిపోతుందని తెరలవైపు చూస్తూనే ఉన్నాడు. ఏదీ చెడిపోలేదు.

ఇంటికొచ్చేసరికి అయిదు దాటింది. గుమ్మం దగ్గర బ్యాగు లేదు. బీరువా తెరిచాడు. అతని చొక్కాలు, కోటు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎప్పట్లాగే విప్పేసి సర్దేసిందనుకున్నాడు. కొంచెం సిగ్గేసింది. కొంచెం హాయిగానూ అనిపించింది.

"కుల్పాష్! టీ పెట్టు."

బల్లమీద రొట్టె పంటిగాటు లేకుండా గుండ్రంగా ఉంది. పక్కన, అతని నూట పన్నెండు పేజీలకి వేసినటువంటి అట్టతోనే, ఇంకో పుస్తకం.

పక్కగదిలోంచి తల్లి పలికింది. "నా మాత్రల సంగతి మూడో పేజీలో ఉందటరా, చూడు."

మార్చి పద్నాలుగున, నాలుగూ పది రైలుకి, తన కోసం తను సర్దుకున్న బ్యాగుతో వెళ్ళిన కుల్పాష్ మళ్ళీ తిరిగి రాలేదు.