రెండు స్టార్ల ఆట

"రెండు స్టార్లు నాన్నా! రెండంటే రెండు!" శైలజ ఫోను తండ్రి మొహం ముందు పెట్టింది. "జనం ఎలా తిట్టేరో సూడు. బొమ్మలు బాగోవట. మైకు లేదట. ఎదుటోడితో మాటాడ్డానికే లేదట."

"ఐదియ్యాలి దీనికి," అన్నాడు జగన్నాధం.

అరుగు మీద మధ్యగోడకు వీపు ఆనించి కూర్చున్నాడతను. అక్కడైతే సిగ్నల్ బాగుంటుందంటాడు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ఫోనులో పులి-మేక తెరుస్తాడు. పులులు అతనివి. ఎదుట మేకలు పెట్టేది 'అతిథి'. పేరు లేదు, ఫొటో లేదు. ఆ వేళకి ఆ ఆటలో మరొకరు దొరకరు.

"నా తుపాకుల ఆట కోట్లమంది ఆడతన్నారు. అందరూ ఎర్రోళ్లేటి?"

"ఎర్రోళ్లనలేదే. ఊరంతా నెత్తినెట్టుకున్నంత ఏటుందందులో? సచ్చినోడు మళ్లీ లెగుస్తాడు. మరింకేటి బెంగ?"

శైలజ నవ్వింది. ఆ తుపాకుల ఆటలో, రాజాం కాలేజీ మొత్తానికి ఆమె జట్టుకి ఎదురులేదు.

"మీ అతిథికి అసలు ఆటే రాదు. ఎప్పుడూ మొదటి మేకని ఎడమ మూలనే పెడతాడు. అక్కడ దాన్ని పులి కొట్టదు సరే, అదీ పులిని కట్టదు. దండగ మేక."

"దాసుకుంటాడు. మొదటిదే పోతే ఏడుపొస్తాదేమో."

"అయితే ఏ బెంగుళూరులోనో సిన్నపిల్లోడయ్యుంటాడు."

జగన్నాధం పులిని ఒక గడి జరిపాడు.

గోడ అవతల, తమ్ముడు సూరయ్య వాటాలో గేదె అరిచింది. శైలజ గొంతు తగ్గించింది. బోరు నీళ్ల తగువులో అన్నదమ్ములిద్దరూ అమ్మవారి ముందు ఒట్టేసుకున్నారు, ఇక ఒకరితో ఒకరు నోరు విప్పి మాట్లాడకూడదని. అప్పట్నుంచీ ఆ ఇంటి ఊసు ఈ ఇంట్లో గట్టిగా ఎత్తరు.

"అసలు సంగతి సెప్పనేదు," అందామె. "ఆదివారంతో ఈ ఆట మూసేస్తన్నారు. ఆడేవోళ్లు లేరని."

జగన్నాధం వేలు పులి మీదే ఆగిపోయింది.

"మూసేడమేటి? ఒసే, నువ్వు ఐదు స్టార్లు ఎయ్యి. మీ జట్టోళ్ల సేత ఎయించు."

"ఏసినా ఆగదు నాన్నా. ఇంకో పులి-మేక ఎక్కిస్తాను. దానికి నాలుగున్నర. మైకు కూడా ఉన్నాది. ఎదుటోడితో ఎంచక్కా కబుర్లాడొచ్చు."

"మాటాడే ఆట నాకొద్దు," అన్నాడు. మళ్లీ తనే, "అందులో అతనుంటాడేటి?" అన్నాడు.

ఆదివారం ఇద్దరూ నెమ్మదిగా ఆడారు. కొట్టాల్సిన మేకను కూడా జగన్నాధం కొట్టలేదు. ఆట తెగకుండానే తెర నల్లబడింది.

సోమవారం పొలం నుంచి వచ్చి అతను ఫోను ముట్టలేదు. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, రెండు వాటాలకూ ఉమ్మడిగా మిగిలిన వీధిమెట్టు మీద గళ్లు గీశాడు. పులులకి మూడు గులకరాళ్లు పెట్టాడు. మేకలకి గుప్పెడు జీడిపిక్కలు ఎదుట పోసి, తల వంచుకు కూర్చున్నాడు.

"ఎవరొస్తారని నాన్నా?" అంది శైలజ గుమ్మంలోంచి.

"ఉస్."

గోడ అవతలి తలుపు కిర్రుమంది.

సూరయ్య వచ్చి కూర్చుని, మొదటి పిక్కని ఎడమ మూలన పెట్టాడు.