రెండోదాని మీద మోజు

“నెలాఖరుకి ఆ రెండోది లేవకపోతే ఖలాస్, మురళీగారూ. మీ వీసాకీ మనకీ రుణం తీరినట్టే,” అన్నాడు సుజిత్.

దుబాయ్‌లోని ఆ ప్రకటనల ఆఫీసుకి సుజిత్ ముదీర్, అంటే మేనేజరు. వయసులో మురళీకంటే పదేళ్లు చిన్న, ముదరడంలో ఇరవయ్యేళ్లు పెద్ద.

తప్పు మురళీదే. ఏసీలు కడిగే కంపెనీకి ప్రకటన వేయించాలి. దేశమంతా గూగుల్‌లోనే వెతుకుతోంది. “అందరూ వెళ్లే వీధిలో మనకి పార్కింగ్ దొరకదండీ,” అని ఉపన్యాసమిచ్చి, ఎవరూ తొక్కని రెండో సర్చ్ ఇంజిన్‌లో వేయించాడు. ఇంజిన్ ఉంది, పెట్టెలున్నాయి, ఎక్కేవాళ్లే లేరు.

గంటన్నర ప్రయాణం చేసి బనియాస్‌లోని ఇంటికొచ్చి భార్య ఉమామహేశ్వరి దగ్గర వాపోయాడు. “ఇక క్లిక్కే దిక్కు ఉమా. శాతం పెరిగితేగానీ సుజిత్ శాంతించడు.”

“ఇంతకీ ఆ రెండోదాని పేరేంటండీ?”

“కట్టుకున్న మొగుణ్ణి అడిగే ప్రశ్నేనా అది?” అంటూనే పేరు చెప్పాడు.

“శుక్రవారం మా లలితా పారాయణంలో మీ ఉద్యోగం కోసం సంకల్పం చెప్పుకుంటాంలెండి.”

“ముందు అమ్మవారు ఏ సర్చ్ ఇంజిన్ వాడుతుందో కనుక్కో.”

ఆమె నవ్వలేదు. పప్పులో తాలింపు వేసింది.

రెండు వారాలు తిరిగేసరికి, క్లిక్కుల గ్రాఫులో నేలమీద పడుకున్న గీత లేచి కూర్చుంది. బనియాస్‌లో మొదలై పక్కనున్న ముసఫ్ఫాకి పాకింది. సుజిత్ స్వయంగా మురళీ బల్ల దగ్గరికి టీ పట్టుకొచ్చాడు.

“ఈ గీత శుక్రవారం సాయంత్రాలే లేస్తోందేంటండీ?”

“మధ్యాహ్నానికి ఆఫీసులు మూస్తారు. ఇంటికొచ్చి ఏసీ వేస్తారు. దుమ్ము నెత్తిన పడుతుంది. వెతుకుతారు.”

“వెతికేది ఎక్కువగా ఆడవాళ్లేనట?”

“దుమ్ము దులిపేది వాళ్లే కదండీ. మా ఇంట్లో ఏసీదే కాదు, నాదీ దులుపుతారు.”

“మరి ఒక్కరూ ఏసీ కడిగించుకోరేం?”

మురళీ టీ గుటక వేశాడు. “వేసవి రానివ్వండి. వినియోగదారుడి మనసు సార్, నొక్కి చూడాలి.”

“మీరు జీనియస్. మీ సిద్ధాంతం హెడ్డాఫీసుకి పంపిస్తున్నా. వీసా రెన్యూ చేయిస్తా.”

ఆ శుక్రవారం మురళీ మిఠాయి పెట్టెతో పెందలాడే ఇల్లు చేరాడు. గుమ్మం ముందు ఆడవాళ్ల చెప్పులు గుట్టపడి ఉన్నాయి. లోపల సహస్రనామం చివరికొస్తోంది. మధ్యలో వెళ్లడం బాగుండదని చెప్పుల మధ్యే నిలబడ్డాడు. దేశం మనసు చదివిన మేధావినని వాళ్లకి ఎలా పరిచయం చేసుకోవాలా అని గొంతు సవరించుకున్నాడు. గంట మోగి ఆగింది. ఉమామహేశ్వరి గొంతు వినిపించింది.

“హారతయింది, ఇక ఏసీలు వెతకండమ్మా.”