మంత్రుల పాఠం

"ఎవరికైనా సందేహాలుండాయా?" వంటింటి తలుపు మీద సుద్దముక్కతో '1919 – ద్వంద్వ పాలన' అని రాస్తూ అడిగింది హెప్సీ. రేపు కుప్పంలో ఒక బడిలో టీచరు ఉద్యోగానికి ఆమె డెమో క్లాసు చెప్పాలి. ఈ రోజు మదనపల్లె ఇంట్లో పిల్లలందరికీ బదులుగా తల్లి సువార్తమ్మ ఒక్కతే పీట మీద కూర్చుంది.

సువార్తమ్మ చెయ్యెత్తింది. "తెల్లదొరలు మనోళ్ళకి ఏమిచ్చినారో మళ్ళీ సెప్పు తల్లీ."

"బడులూ ఆసుపత్రులూ మన మంత్రులకిచ్చినారు మా. పోలీసు, ఖజానా గవర్నరు కిందే పెట్టుకున్యారు. మంత్రి మాట నచ్చకుంటే గవర్నరు కొట్టేస్తాడు."

"ఇంగ ఇచ్చిందేముండాది!" అని నవ్విందే గాని, పుంగనూరు దాటాక అడవి దారిలో పాప ఎక్కిన బస్సుకేమవుతుందోనని పొద్దుటి నుంచి సువార్తమ్మకు భయంగానే ఉంది.

అప్పుడే ఆమె భర్త ప్రకాశం లోపలికి వచ్చాడు. "కుప్పం పొయ్యే పన్లేదు. పాప రాదని ఆ బడికి ఫోన్ చేసి సెప్పేసినా."

"పాప సదువు సంగతి నా ఇష్టమంటివే?"

"సదువు నీ ఇష్టమే, కాదన్నానా? ఉద్యోగం సదువా? యాడో హాస్టల్లో పడుండేకి నేనొప్పుకోను. అన్నం పెట్టు." అతను ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

సువార్తమ్మలో బస్సు భయం చల్లగా దిగిపోయింది. అందుకు ఆమెకే సిగ్గేసింది.

"ఆ మంత్రులేం జేసినారు పాపా?" అంది మెల్లగా.

"కొందరు రాజీనామా చేసినారు."

"మిగతావాళ్ళు?"

హెప్సీ తల్లిని చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"నాయనకు ఆకలేస్తాంటాది. పో మా, అన్నం పెట్టు."